నిలువుగా నిలిచిన నగరము: ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ జీవితము

అమెరికాలోని చికాగో నగరమున, మిషిగన్ సరోవరమునకు చేరువలో, నూరంతస్తుల నల్లని భవనమొకటి కలదు. అడుగున అంగళ్లు, వానిపైన కార్లు నిలుపు అంతస్తులు, ఆపైన కార్యాలయములు, ఇంకను పైన కాపురపు టిండ్లు. 44వ అంతస్తున ఈతకొలను కూడ ఉన్నది. ఒక నగరమునే నిలువుగా నిలిపినట్లుండు ఈ కట్టడమునకు ఎముకలగూడు వంటి ఉక్కుచట్రమును రూపొందించినవాడు వంగదేశీయుడైన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్.

ఆయన 1929 ఏప్రిల్ 3వ తేదీన నాటి అవిభక్త వంగరాష్ట్రమున జన్మించి, ఢాకాలో పెరిగెను. తండ్రి అబ్దుర్ రహ్మాన్ ఖాన్ గణితోపాధ్యాయుడు, పాఠ్యగ్రంథకర్త. ఖాన్ కలకత్తా చెంతనున్న శిబ్‌పూర్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఢాకాలో పట్టము పొందెను. 1952లో ఉపకారవేతనముపై అమెరికా కేగి, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున మూడేండ్లలో రెండు మాస్టరు పట్టములను, డాక్టరేటును గడించెను. 1955లో చికాగోలోని స్కిడ్‌మోర్, ఓయింగ్స్ అండ్ మెరిల్ సంస్థలో చేరెను. నడుమ కొంతకాలము కరాచీలో పనిచేసి, 1960లో మరల ఆ సంస్థకే వచ్చెను.

ఎత్తైన భవనమునకు గాలి గొప్ప శత్రువు. ఎత్తు పెరిగినకొలది గాలి త్రోపు హెచ్చును. దానికి తగినట్లు ఉక్కు వ్యయమును హెచ్చును. అంతవరకు లోపలనంతటను స్తంభములను, దూలములను అల్లి ఆ త్రోపును తట్టుచుండిరి. ఖాన్ బలమును వెలుపలి గోడలకు తరలించి, భవనమంతయు ఒక బోలుగొట్టమువలె పనిచేయునట్లు చేసెను. వెదురు లోపల బోలుగా నున్నను గాలికి నిలుచుటలేదా!

నూరంతస్తుల భవనమునకు మొదట యోచించినది వేరు. 70 అంతస్తుల నివాసము, 45 అంతస్తుల కార్యాలయము ప్రక్కప్రక్కన కట్టదలచిరి. అట్లయిన స్థలమంతయు నిండిపోవును. ఖాన్, వాస్తుశిల్పి బ్రూస్ గ్రాహం కలసి ఒకదానిపై నొకటి నిలిపిరి. కార్యాలయమునకు విశాలమైన అంతస్తు కావలెను. ఇంటిగదులు కిటికీకి దూరము కారాదు. అందుచేత భవనము పైకి పోయినకొలది సన్నగిల్లెను. నాలుగు చట్టములు బిగించిన చతుర్భుజమును ప్రక్కకు త్రోసిన నది ఒరుగును. కర్ణమును బిగించిన రెండు త్రిభుజములై కదలక నిలుచును. ఈ సూత్రముతోనే నాలుగు ముఖములపైనను గుణకారపు గుర్తువంటి ఏటవాలు ఉక్కుకంబములు వెలసెను. ఫలితముగా చదరపుటడుగునకు సుమారు 30 పౌనుల ఉక్కు సరిపోయెను. ఎంపైర్ స్టేట్ భవనమునకు సుమారు 42 పౌనులు పట్టినవి.

లెక్క కుదిరిన చాలదు. అందు నివసించువారికి భవనపు ఊగు తెలియరాదు. ఖాన్ చికాగో విజ్ఞాన ప్రదర్శనశాలలోని తిరుగు వేదికపై మనుష్యులను నిలిపి, కూర్చుండబెట్టి, పరుండబెట్టి, ఎంత కదలిక వారికి తెలియునో పరీక్షించెను.

1965లో పని ఆరంభమయ్యెను. 20 అంతస్తులు లేచునప్పటికి పెనుచిక్కు ఎదురయ్యెను. భవనమంతయు పూర్తియైన పిదప కుంగవలసినంత పునాది అప్పుడే కుంగెను. పని ఆపి వెదకగా, భూమిలోనికి దించిన కాంక్రీటు స్తంభములలో లోపము బయటపడెను. దానిని సరిదిద్దుటకు కొన్ని నెలలు పట్టెను. భవనమును తలపెట్టిన యజమాని ఆర్థికముగా చితికిపోగా, పెట్టుబడికి అప్పిచ్చిన జాన్ హాన్‌కాక్ బీమాసంస్థ దానిని తీసికొనెను. అయినను ఖాన్ రచించిన రూపము మారలేదు. 1969లో 344 మీటర్ల ఎత్తున భవనము పూర్తియయ్యెను.

తరువాత తొమ్మిది గొట్టములను కట్టగట్టినట్లు ఆయన రూపొందించిన 110 అంతస్తుల సియర్స్ టవరు 1973లో 442 మీటర్ల శిఖర మందుకొనెను. 1998 వరకు లోకమున అత్యున్నత భవన మదియే. ఇంతటి కీర్తిలోను ఖాన్ జన్మభూమిని మరువలేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున చికాగోలో సహాయసంఘమును స్థాపించి స్వజనులకు అండగా నిలిచెను. 1982 మార్చి 27న, 52 ఏండ్ల వయసున, జెడ్డాలో గుండెపోటుతో మరణించెను. ఆయన దేహమును చికాగోలోనే ఖననము చేసిరి.

2018లో హాన్‌కాక్ పేరు తొలగి, ఇప్పుడా భవనమును వీధిసంఖ్యతో పిలుచుచున్నారు. పేరు పోయినను ఏటవాలు కంబములు మాత్రము ఎల్లరకు కనబడుచునే యున్నవి. త్రిభుజధర్మములను బోధించు ఉపాధ్యాయుడు ఒకమారు ఆ భవనచిత్రమును తరగతిలో చూపిన, నల్లబల్లపై గీసిన గీత ఎంత బరువు మోయగలదో బాలురకు విశదమగును.