వారానికో పెన్నీ: జాన్ వెస్లీ జీవిత కథ

మన బడి అసెంబ్లీ హాల్లో, హెడ్‌మాస్టరుగారి కుర్చీకి పైన, గోడకు ఒక పాత పటం ఉండేది. భుజాల దాకా తెల్లటి జుట్టు, నల్ల అంగీ, మెడ కింద రెండు తెల్లటి పట్టీలు. ఆ పటం కింద నిలబడి మనమంతా ఏళ్ల తరబడి ప్రార్థన చేశాం. ఆయన పేరు జాన్ వెస్లీ అని మాత్రం తెలుసు. పరీక్షలో ఎప్పుడూ ప్రశ్నగా రాలేదు కాబట్టి అంతకు మించి తెలుసుకోలేదు.

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాణ్ణి కాను. నీటిపారుదల ఇంజనీరుగా నా జీవితమంతా కాలువల మీద, తూముల మీద గడిచింది. యాభై దాటిన తర్వాత ఆ పటంలోని మనిషి గురించి చదవడానికి ఒక కారణం ఉంది. మన బ్యాచ్ మిత్రుడొకడు మూడేళ్ల క్రితం పోయాడు. రెండేళ్లు డయాలసిస్ మీద ఉన్నాడట, ఉన్న ఇల్లు కూడా అమ్ముకున్నాడట. ఆ రెండేళ్లూ అతను మన వాట్సాప్ గ్రూపులోనే ఉన్నాడు. పండగలకు మేము పెట్టిన దీపాల బొమ్మలు అతని ఫోనుకూ వెళ్లాయి. మాకు తెలిసింది మాత్రం దినాలు కూడా అయిపోయాక. అరవై మందికి పైగా ఉన్నాం, ఒక్కడికీ తెలియలేదు. ఇది ఎలా జరిగిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. దానికి జవాబు వెతుక్కుంటూ వెళితే ఆ పటం దగ్గరికే చేరాను.

జాన్ వెస్లీ 1703 జూన్ 17న ఇంగ్లండులో లింకన్‌షైర్ జిల్లా ఎప్‌వర్త్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి శామ్యూల్ ఆ ఊరి చర్చి గురువు. తల్లి సుసన్నా. ఆమెకు పంతొమ్మిది కాన్పులు, అందులో సగం మంది పిల్లలు పసితనంలోనే పోయారు. జాన్ పదిహేనో సంతానం. తండ్రికి చదువు ఎక్కువ, లౌక్యం తక్కువ, అప్పులు ఇంకా ఎక్కువ. 1705లో అప్పు తీర్చలేక కొన్ని నెలలు జైల్లో ఉన్నారు. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఇల్లు అంటుకుంది. అందరూ బయటపడ్డాక చూస్తే అయిదేళ్ల జాన్ లేడు. మేడ మీద కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నిచ్చెన తెచ్చే సమయం లేక ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి పిల్లవాణ్ణి దించారు. ఆ వెంటనే ఇంటి కప్పు కూలింది. దేవుడు తనను ఏదో పనికి మిగిల్చాడన్న నమ్మకం ఆయనలో జీవితాంతం ఉండిపోయింది.

ఆ తల్లి గురించి ఒక మాట చెప్పాలి. ఇంటినిండా పిల్లలున్నా, వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకు కేటాయించి విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడేది. జాన్‌కు గురువారం. భర్త పనిమీద లండన్ వెళ్లిన ఒక చలికాలంలో ఆదివారం సాయంత్రాలు పిల్లలకోసం వంటింట్లో ప్రార్థన పెట్టుకుంది. ఇరుగుపొరుగు వచ్చి కూర్చోవడం మొదలైంది. చివరికి రెండు వందల మంది దాకా అయ్యారు. చర్చిలో జనం పలచబడ్డారని సహాయ గురువు ఫిర్యాదు రాశాడు. ఆమె ఆపలేదు. తర్వాత కాలంలో వెస్లీ కట్టిన వ్యవస్థకు మొదటి నమూనా ఆ వంటిల్లే అని నాకు అనిపిస్తుంది.

లండన్‌లో చార్టర్‌హౌస్ బడి, 1720 నుంచి ఆక్స్‌ఫర్డ్ చదువు, 1726లో అక్కడే లింకన్ కాలేజీలో ఫెలో పదవి. తమ్ముడు చార్లెస్ మొదలుపెట్టిన చిన్న విద్యార్థి బృందానికి 1729 నుంచి జాన్ పెద్ద అయ్యారు. తెల్లవారుజామున లేవడం, వేదం చదవడం, ఉపవాసాలు, జైల్లో ఖైదీలను చూడటం, బీదపిల్లలకు చదువు చెప్పడం, అన్నీ వేళ ప్రకారం. తోటి విద్యార్థులు వెక్కిరింతగా పెట్టిన పేరే మెథడిస్టులు. పద్ధతిగాళ్లు అని మన హాస్టల్లో ఏడిపించినట్టు అన్నమాట. ఆ పేరే నిలిచిపోయింది. ఆ రోజుల్లో ఆయన రాబడి ఏడాదికి 30 పౌండ్లు. 28 పౌండ్లతో గడుపుకుని రెండు దానం చేశారు. రాబడి 60 అయింది, 90 అయింది, 120 అయింది. ఖర్చు మాత్రం 28 దగ్గరే ఆపి మిగిలింది పంచేశారు.

ఇంత నిష్ఠ ఉన్నా మనసుకు శాంతి లేదు. 1735లో అమెరికాలోని జార్జియాకు మిషనరీగా ఓడ ఎక్కారు. సముద్రం మధ్యలో పెద్ద తుఫాను. ఇంగ్లీషువాళ్లు కేకలు పెడుతుంటే, అదే ఓడలో ఉన్న మొరేవియన్ అనే జర్మన్ క్రైస్తవులు పిల్లాపాపలతో సహా నెమ్మదిగా కీర్తన పాడుకుంటూ కూర్చున్నారు. తనకు చావంటే భయం ఉందని, వాళ్లకు లేదని వెస్లీ గుర్తించారు. జార్జియాలో ఆయన ఓడిపోయారు. తాను ఇష్టపడిన అమ్మాయి మరొకరిని పెళ్లాడాక, ఆమెకు ప్రభువు బల్ల ఇవ్వడానికి నిరాకరించారు. ఆమె బంధువులు కోర్టుకెక్కారు. 1737 చివర్లో ఆయన దాదాపు పారిపోయినట్టుగా బయలుదేరి ఇంగ్లండు చేరారు.

1738 మే 24 సాయంత్రం, వెళ్లాలని లేకపోయినా, లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూడికకు వెళ్లారు. రోమీయులకు రాసిన పత్రికకు లూథర్ రాసిన ముందుమాటను ఎవరో చదువుతున్నారు. తొమ్మిదికి పావుగంట ముందు, తన నిష్ఠ వల్ల కాదు, కేవలం దేవుని కృప వల్ల తనకు క్షమాపణ దొరికిందన్న నమ్మకం ఆయన గుండెలో వెచ్చగా కుదురుకుంది. మెథడిస్టు సంఘాలు ఈనాటికీ ఆ రోజును గుర్తుచేసుకుంటాయి. అప్పటికి ఆయన వయసు ముప్పై నాలుగు. ఆయన అసలు పని అక్కడినుంచే మొదలైంది.

చర్చి గురువులు చాలామంది ఆయనకు వేదిక ఇవ్వడం మానేశారు. మిత్రుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ అప్పటికే బ్రిస్టల్ దగ్గర బొగ్గుగని కార్మికులకు ఆరుబయట బోధిస్తున్నారు. వెస్లీకి అది మర్యాద తక్కువ పని అనిపించినా, 1739 ఏప్రిల్ 2న బ్రిస్టల్ శివార్లలో ఆరుబయట నిలబడి మొదటిసారి బోధించారు. వేలమంది విన్నారు. 1742లో సొంత ఊరి చర్చిలో మాట్లాడనివ్వకపోతే, చర్చి ఆవరణలో తండ్రి సమాధి మీద నిలబడి ఊరివాళ్లతో మాట్లాడారు. 1743లో వెడ్న్స్‌బరీలో అల్లరిమూక చంపినంత పని చేసింది. చివరికి ఆ మూక నాయకుడే ఆయన్ను కాచి బయటికి తెచ్చాడు, తర్వాత సంఘంలో చేరాడు.

మా శాఖలో ఎవరినడిగినా ఒక సంగతి చెబుతారు. ప్రధాన కాలువకు ఎంత నీరు వదిలినా, పిల్లకాలువలు తవ్వకపోతే చివరి పొలం తడవదు. వైట్‌ఫీల్డ్ వెస్లీ కంటే గొప్ప వక్త అని ఆ కాలంవాళ్లే ఒప్పుకున్నారు. కానీ విన్నవాళ్లను ఒకచోట కట్టి ఉంచే ఏర్పాటు చేసింది వెస్లీ. ఆ ఏర్పాటు పుట్టిన తీరు వింటే ఇంజనీరుకు నవ్వు వస్తుంది. బిల్డింగు బాకీలోంచి పుట్టింది.

బ్రిస్టల్‌లో 1739లో న్యూ రూమ్ అనే ప్రార్థనామందిరం కట్టారు. అప్పు మిగిలిపోయింది. ఎలా తీర్చాలని 1742 ఫిబ్రవరిలో సభ్యులు కూర్చున్నారు. అక్కడున్న ఒక ఓడ కెప్టెన్, ప్రతి సభ్యుడూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని సూచించాడు. పౌండుకు 240 పెన్నీలు. అది కూడా ఇవ్వలేని బీదవాళ్లు ఉన్నారు కదా అని ఎవరో అడిగారు. అందరికంటే బీదవాళ్లయిన పదకొండు మందిని తనకు అప్పగించమని, తానే వాళ్ల ఇళ్లకు వెళతానని, ఇవ్వలేనివాళ్ల పెన్నీ తానే వేస్తానని ఆ కెప్టెన్ ఒప్పుకున్నాడు. మిగిలినవాళ్లు కూడా అలాగే పదకొండేసి మందిని పంచుకున్నారు.

పెన్నీ కోసం వారం వారం గడప తొక్కినవాళ్లకు ఇంటిలోపలి సంగతులు కనిపించాయి. ఒక ఇంట్లో జబ్బు, ఒక ఇంట్లో పని లేదు, ఒక ఇంట్లో తాగుడు, ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాల గొడవ. వాళ్లు వచ్చి వెస్లీకి చెప్పారు. ఆయనకు వెంటనే అర్థమైంది, తాను ఇన్నాళ్లూ వెతుకుతున్న పిల్లకాలువ ఇదేనని. ఇల్లిల్లూ తిరగడం కష్టమై, ఆ పన్నెండు మందీ వారానికోసారి ఒకచోట కూర్చోవడం అలవాటు చేశారు. ఈ వారం మనసు ఎలా ఉంది, ఏం తప్పు జరిగింది, ఎవరికి ఏం కావాలి అని ఒక్కొక్కరినీ పెద్ద అడిగేవారు. దాన్ని క్లాస్ మీటింగ్ అన్నారు. పెద్దల్లో చెప్పులు కుట్టేవాళ్లు, నేతగాళ్లు ఉండేవారు. ఆడవాళ్లు కూడా ఉండేవారు. ఎవరూ లెక్కచేయని మనిషిని వారానికోసారి పేరు పెట్టి పిలిచి క్షేమం అడిగే చోటు అది.

ఆ సంగతులు విని ఊరుకోలేదు. లండన్‌లో పాత ఫిరంగుల కార్ఖానాను మందిరంగా మార్చి, అందులోనే బడి, వితంతువులకు వసతి, 1746లో ఉచిత మందుల గది పెట్టారు. అదే ఏడాది చిన్న అప్పుల నిధి మొదలైంది. ఇంటింటా అడిగి తెచ్చిన కొద్దిపాటి సొమ్ముతో, చేతిపనివాళ్లకు ఒక్కొక్కరికి 20 షిల్లింగుల వరకు ఇచ్చి మూడు నెలల్లో తిరిగి తీసుకునేవారు. మన పొదుపు సంఘాల అక్కాచెల్లెళ్లకు ఈ లెక్క వివరించనక్కరలేదు. 1747లో బీదలకోసం ఇంటివైద్యం పుస్తకం రాశారు. 1748లో కింగ్స్‌వుడ్‌లో బడి తెరిచారు.

ఆయన లోపాలు కూడా చెప్పాలి. అధికారం తన చేతిలోనే ఉంచుకునేవారు. క్రమం తప్పినవాళ్ల పేర్లు నిర్మొహమాటంగా కొట్టేసేవారు. 1751లో మేరీ వజీల్ అనే వితంతువును పెళ్లాడారు. పెళ్లయినా ఊళ్లు తిరగడం తగ్గించలేదు. ఆమెకు అనుమానాలు, ఆయనకు అసహనం. చివరికి ఆమె విడిగా ఉండిపోయింది. 1781 అక్టోబరులో ఆమె చనిపోయింది. అంత్యక్రియలు కూడా జరిగిపోయాక గాని ఆయనకు తెలియలేదు. ఈ సంగతి చదివిన రాత్రి పుస్తకం మూసేశాను. వేలమంది క్షేమం వారం వారం తెలుసుకునే ఏర్పాటు కట్టిన మనిషికి సొంత భార్య చావు ఆలస్యంగా తెలిసింది. మా మిత్రుడి సంగతి గుర్తుకొచ్చింది. మంచి మనసు ఉంటే చాలదు, అడిగే అలవాటు కూడా ఉండాలి. ఆ అలవాటు లేనిచోట వెస్లీ అంతటివాడికి కూడా కబురు అందలేదు.

యాభై ఏళ్లకు పైగా ఆయన తిరుగుతూనే ఉన్నారు. ఎక్కువ భాగం గుర్రం మీద, ముసలితనంలో బండిలో. మొత్తం రెండున్నర లక్షల మైళ్లు, అంటే నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగారని, నలభై వేల ప్రసంగాలు చేశారని అంచనా. 1774లోనే బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ పుస్తకం రాశారు. చనిపోవడానికి ఆరు రోజుల ముందు, 1791 ఫిబ్రవరి 24న, పార్లమెంటులో ఆ వ్యాపారంపై పోరాడుతున్న విల్బర్‌ఫోర్స్‌ను నిలబడమని ప్రోత్సహిస్తూ ఉత్తరం రాశారు. మార్చి 2న లండన్ సిటీ రోడ్డులోని తన ఇంట్లో కన్నుమూశారు. వయసు 87. శవపేటికను ఆరుగురు బీదవాళ్లే మోయాలని, ఒక్కొక్కరికి 20 షిల్లింగులు ఇవ్వాలని, ఇతర ఆర్భాటం వద్దని వీలునామాలో రాసుకున్నారు. అలాగే చేశారు. అప్పటికి బ్రిటన్‌లోనే డెబ్బై వేలకు పైగా సభ్యులున్నారు. తాను మాత్రం చివరిదాకా ఇంగ్లండు చర్చి గురువుగానే ఉన్నారు.

ఆయన మన దేశం రాలేదు. ఆయన పేరు మీది మిషన్ 19వ శతాబ్దంలో సికింద్రాబాదుకు, అక్కడినుంచి మెదక్‌కు వచ్చింది. చార్లెస్ పోస్నెట్ ఆధ్వర్యంలో, కరువు రోజుల్లో జనానికి కూలీ దొరికేలా కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. 1947లో ఆ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి.

మన హాస్టలు వెనక చర్చిలో బుధవారం సాయంత్రం జరిగే కూడిక మీలో కొందరికైనా గుర్తుండాలి. వేపచెట్టు కింద చాప మీద పదిమంది కూర్చునేవారు. ఒక పెద్దావిడ నోటుపుస్తకం తెరిచి ఎవరి ఇంటినుంచి పిడికెడు బియ్యం వచ్చిందో రాసుకునేది. రోజూ వండే ముందు ఒక్కో పిడికెడు తీసి దాచిన బియ్యం అది. బియ్యం రాని ఇంటికి ఆమె మర్నాడు వెళ్లేది. బాకీ అడగడానికి అనుకుని మేము నవ్వుకునేవాళ్లం. ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో చూడటానికని ఇప్పుడు తెలిసింది. బ్రిస్టల్ పెన్నీ మన ఊళ్లో పిడికెడు బియ్యం అయింది.

క్రైస్తవులు కూడుకునే చోటునూ సంఘమే అంటాం, మన పూర్వ విద్యార్థులదీ సంఘమే. యాభై ఏళ్లలో మన సంఘం గదులు కట్టింది, బహుమతులు ఇచ్చింది, ఏటా భోజనాలు పెట్టింది. స్వర్ణోత్సవ వేళ నాదొక చిన్న విన్నపం. ప్రతి బ్యాచ్‌నూ పన్నెండేసి మందిగా విడదీద్దాం. ఒక్కొక్కరు పదకొండు మంది పేర్లు తీసుకుని నెలకోసారి ఫోన్ చేద్దాం. నెలకు వంద రూపాయలు అడుగుదాం. ఇవ్వని మిత్రుణ్ణి డిఫాల్టర్ల జాబితాలో వేయకుండా, మర్నాడు వాళ్ల ఇంటికి వెళదాం. మా బ్యాచ్‌లో ఈ పని గత జూన్‌లో మొదలుపెట్టాం. నా జాబితాలో పదకొండు పేర్లున్నాయి. ఇద్దరి నంబర్లు పనిచేయడం లేదు. వాళ్ల ఊళ్లకు వెళ్లి రావాలి.