డాక్టర్ పాల్ డడ్లీ వైట్ – ఒక పసిహృదయపు పాఠం

వైద్యశాస్త్ర చరిత్రలో మనం విజయాలనే తరచుగా స్మరిస్తుంటాము. కాపాడలేకపోయిన ఒక శిశువును గురించి సత్యంగా వ్రాసి ఉంచుట కూడ లోకోపకారమేనని డాక్టర్ పాల్ డడ్లీ వైట్ జీవితం మనకు తెలుపుతున్నది.

ఆయన 1886లో అమెరికాలోని బోస్టన్ నగరంలో, రాక్స్‌బరీ ప్రాంతాన, ఒక వైద్యుని కుమారుడుగా జన్మించారు. 1911లో హార్వర్డ్‌లో వైద్యపట్టం పొందారు. 1913లో లండన్ వెళ్ళి, థామస్ లూయిస్ వద్ద అప్పటికి క్రొత్తదైన ఎలక్ట్రో కార్డియోగ్రఫీని అభ్యసించారు. మరుసటి యేడు తిరిగివచ్చి, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఆ విద్యను ప్రవేశపెట్టారు.

1933లో ఆయన ఎడ్వర్డ్ బ్లాండ్, జోసెఫ్ గార్లండ్ అను సహచరులతో కలిసి మూడు నెలల శిశువు వృత్తాంతాన్ని ప్రకటించారు. పాలు పట్టునపుడు ఆ బిడ్డ హఠాత్తుగా విలవిలలాడేవాడు. ముఖం పాలిపోయి చెమటలు పట్టేవి. గుండె పెరిగి ఉన్నది. కార్డియోగ్రాములో పెద్దల గుండెజబ్బును తలపించే గుర్తులు కనిపించాయి. బిడ్డ దక్కలేదు. శవపరీక్షలో కారణం బయటపడినది: బృహద్ధమని నుండి పుట్టవలసిన ఎడమ కరోనరీ ధమని పుపుస ధమని నుండి పుట్టినది. పుట్టిన కొన్ని వారాలకు పుపుస ధమనిలో పీడనం తగ్గగా, రక్తం వెనుకకు మరలిపోయి, ఎడమ జఠరిక కండరం ప్రాణవాయువు చాలక క్షీణిస్తుంది.

ఈ లోపం సుమారు 3 లక్షల జననాలలో ఒకటిగా చెప్పబడుచున్నది. శవపరీక్షలలో అది అంతకు ముందే కనబడినదే. కాని బ్రతికియున్న శిశువులో దానిని అనుమానించుటకు వీరి వ్రాత దారి చూపినది. 1960 ప్రాంతంలో శస్త్రవైద్యులు ఆ నాళాన్ని ముడివేసి రక్తం మరలిపోకుండ ఆపారు. పిదప దానిని బృహద్ధమనికే అతుకు పద్ధతి వచ్చినది. చికిత్స లేనిచో తొలియేటనే మరణించు శిశువులలో నేడు అనేకులు పెరిగి పెద్దవారగుచున్నారు.

1955లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినపుడు వైట్ చికిత్సలో పాల్గొని, రోగ స్థితిని ప్రజలకు దాపరికం లేక వివరించారు. నడక, సైకిలు ఆయనకు ప్రియమైనవి. 1973లో కన్నుమూశారు.

విద్యార్థులారా! ప్రయోగశాలలో ఫలితం తప్పిననాడు దానిని కొట్టివేయక ఉన్నదున్నట్లు వ్రాయండి. దక్కని ఆ బిడ్డను గురించిన కొన్ని పుటలు ఎందరు తల్లుల ఒడి నింపినవో తలచినపుడు మా హృదయం కృతజ్ఞతతో నిండుచున్నది.