తపాలా బిళ్ళ మీద త్యాగరాజు గారు

ఈసారి గోడపత్రికకి నేను త్యాగరాజు గారి జీవితం రాస్తున్నాను. మన ప్రభుత్వం 1961 జనవరి 6న ఆయన పేరుతో తపాలా బిళ్ళ వేసింది. వెల 15 నయాపైసలు. ఆయన చనిపోయింది 1847 జనవరి 6న. అంటే 114 సంవత్సరాల తర్వాత వేశారు. మరి అన్నేళ్ళూ ఆయన్ని ఎవరు గుర్తు పెట్టుకున్నారు?

త్యాగరాజు గారు 1767లో తమిళదేశంలోని తిరువారూరులో పుట్టారు. ఇంటిపేరు కాకర్ల. తండ్రి రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. ఊరు తమిళ ఊరే గానీ ఇంట్లో తెలుగు. శ్యామశాస్త్రి గారు, ముత్తుస్వామి దీక్షితులు గారు కూడా ఆ ఊళ్ళోనే పుట్టారు. వాళ్ళకీ బిళ్ళలు వేశారు. త్యాగరాజు గారు శొంఠి వెంకటరమణయ్య గారి దగ్గర సంగీతం నేర్చుకుని, కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉండిపోయారు.

ఆయన ఏ కొలువూ చేయలేదు. రాముడి పాటలు పాడుకుంటూ వీధుల్లో వెళ్తే జనం బియ్యం పోసేవాళ్ళు. దాన్ని ఉంఛవృత్తి అంటారు. ఆ బియ్యమే ఇంట్లోవాళ్ళకీ, శిష్యులకీ. తంజావూరు రాజు శరభోజి కానుకలు పంపి రమ్మన్నా వెళ్ళలేదంట. అన్నకి కోపం వచ్చి ఆయన పూజ చేసుకునే రాముడి విగ్రహాన్ని కావేరిలో పడేశాడని కూడా చెప్తారు. విగ్రహం పడేయడం తప్పే. కానీ ఇంట్లో గింజలు లేనప్పుడు వచ్చే కోపం నాకు తెలుసు. అంత డబ్బు వద్దన్న మనిషి పేరు మీద వేసిన బిళ్ళకి 15 నయాపైసలు వెల కట్టారు, అదే నాకు నవ్వొచ్చింది.

ఆయన పాటలు కట్టి పాడితే శిష్యులు నేర్చుకునేవాళ్ళు. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ అనే శిష్యుడు వాటిని రాసిపెట్టారు. ఆ రాతప్రతులు తర్వాత మదురైలో సౌరాష్ట్ర సభకి చేరాయి. శిష్యుల వల్లే ఇప్పుడు సుమారు 700 కీర్తనలు దొరుకుతున్నాయి. మా అవ్వ నాట్లప్పుడు, పెళ్ళిళ్ళప్పుడు పాడే కోయ పాటలు ఒక్కటి కూడా కాగితం మీద లేవు. ఆమెకి రాయడం రాదు. నాకు వచ్చు కదా! సెలవులకి వెళ్ళేటప్పుడు ఒక నోట్సు పట్టుకెళ్తాను.

పాటలు మిగిలాయి గానీ ఆయన సమాధి పాడుబడిపోయింది. దాన్ని బాగుచేసింది రాజులు కాదు, బెంగుళూరు నాగరత్నమ్మ గారు. ఆమె 1878లో దేవదాసీల ఇంట్లో పుట్టారు. పెద్ద గాయకురాలు. పాడి సంపాదించిన డబ్బు పెట్టి, నగలు కూడా అమ్మి 1920లలో అక్కడ గుడి కట్టించారు. విచిత్రం ఏమిటంటే, అప్పట్లో అక్కడ జరిగే ఆరాధనలో ఆడవాళ్ళని పాడనిచ్చేవాళ్ళు కాదు! గుడి కట్టించిన ఆమెకే పాడే వీలు లేదు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఆడవాళ్ళని జట్టు కట్టి సమాధి వెనక వైపు వేరేగా పాడించారు. ఏళ్ళ తరబడి అలాగే చేశారు. చివరికి 1940ల్లో అందరూ కలిసి ఒకే ఆరాధన చేయడం మొదలైంది. ఇప్పుడు ప్రతి ఏడాదీ పుష్య బహుళ పంచమి రోజు ఆడా మగా కలిసి పంచరత్న కీర్తనలు పాడతారు.

నాగరత్నమ్మ గారు 1952లో చనిపోయారు. ఆమె సమాధి కూడా అక్కడే, త్యాగరాజు గారి సమాధి దగ్గరే ఉంది. తపాలా బిళ్ళని ఆమె చూడలేదు.