బర్టన్: చరిత్రనుండి కల్పనకు

మరణానంతరము కల్పనానవలలలో మరల బ్రదికిన చారిత్రక పురుషులలో సర్ రిచర్డ్ ఫ్రాన్సిస్ బర్టన్ ఒకడు. ఇతడు 1821లో ఇంగ్లండునందలి టార్కీలో జన్మించెను. ఆక్స్‌ఫర్డునుండి బహిష్కృతుడై, 1842లో కంపెనీవారి బొంబాయి సైన్యమున చేరెను. హిందూస్తానీ, గుజరాతీ, మరాఠీ పరీక్షలలో ఉత్తీర్ణుడయ్యెను. పెక్కుమంది పాశ్చాత్యులు గ్రంథములనుండి నేర్చిన భాషలను ఇతడు సింధుదేశపు బజారులలో, వర్తకుని వేషమున తిరుగుచు విని పదును పెట్టుకొనెను. వేషధారణమందలి ఈ నేర్పే 1853లో ఆతనిని మక్కాకు చేర్చినది. 1870లో బేతాళకథలను ఇంగ్లీషు చేసెను. అది అనువాదమనుటకంటె స్వతంత్రకల్పన యనుట యుక్తము. విక్రమార్కుని తనకు దోచినట్లు నడిపినవానిని పిదప పరులును అట్లే నడిపిరి.

నైలునది జన్మస్థానము మాత్రము ఆతని కందలేదు. 1858లో స్పీకుతో గూడి టాంగన్యీకా సరస్సును చేరెను. తిరుగుదారిలో తాను రోగపీడితుడై నిలిచిపోగా, స్పీకు ఒక్కడే ఉత్తరమున కేగి విక్టోరియా సరస్సును గాంచి, నైలు అందే పుట్టినదని చాటెను. బర్టన్ అంగీకరింపలేదు. 1864 సెప్టెంబరులో ఉభయులు వాదింపవలసిన సభకు ముందుదినమున, వేటలో తన తుపాకియే ప్రేలి స్పీకు మరణించెను. ఆ వాదమట్లే నిలిచిపోయెను. 1890లో బర్టన్ ట్రియెస్టున గతించెను. భార్య ఇసబెల్ ఆతని కడపటి అనువాదపు వ్రాతప్రతిని అగ్నిపాలు చేసెను.

2010లో మార్క్ హాడర్, విక్టోరియారాణి 1840లోనే హతురాలైన వేఱొక ఇంగ్లండును కల్పించి, బర్టనును అందు రాజునకు రహస్యపరిశోధకునిగా నిలిపెను. అది చమత్కారము. జీవితమునకు సన్నిహితమైనది అమెరికన్ రచయిత ఫిలిప్ హోసే ఫార్మర్ 1971లో ప్రకటించిన నవల. అందు మృతమానవకోటి యెల్ల ఒక మహానదీతీరమున మేల్కొనును. బర్టన్ పడవ కట్టుకొని, ఆ నది పుట్టుచోటు వెదకుచు ఎదురేగును.