సముద్రానికి పద్దు వ్రాసిన రస్సెల్ దొర

అత్తిబెలెలో కాపురముంటున్న మనకు సముద్రం చాలా దూరం. తూర్పుకు పోయినా, పడమరకు పోయినా వందలకొద్ది కిలోమీటర్లు దాటితేగాని అలల చప్పుడు వినబడదు. అయినా చేప మన వీధిలోకి వస్తూనే వున్నది. ఉత్తరాంధ్రనుంచి వచ్చిన మన ఆడపడుచు చేపలబుట్ట ముందు నిలబడి కానాగంతలున్నాయా అని అడుగుతుంది. ప్రక్కనున్న కన్నడ యిల్లాలు ఆ చేపనే బంగుడె అంటుంది. తమిళ సోదరి కానాంగెళుత్తి అంటుంది. మూడు భాషలు కలిసే సరిహద్దు వూరు గనుక యిది మనకు వింత కాదు. వింత వేరే వున్నది. ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు ఆ చేపను రాస్ట్రెలిగర్ కనగుర్త అని వ్యవహరిస్తారు. అందులోని కనగుర్త విశాఖపట్నం తీరాన మన జాలరులు పలికిన మాట. ఆ మాట అంతదూరం యెలా పోయిందో తెలియాలంటే పాట్రిక్ రస్సెల్ దొర చరిత్ర తెలుసుకోవాలి.

రస్సెల్ 1727లో స్కాట్లండులోని ఎడింబరోలో జన్మించారు. వృత్తిరీత్యా వైద్యులు. సవతి అన్న అలెగ్జాండర్ సిరియాదేశపు అలెప్పో నగరంలో ఇంగ్లీషు వర్తకులకు వైద్యుడుగా వుండగా, 1750లో తామూ అక్కడికి చేరారు. అన్న వెళ్లిపోయిన తరువాత ఆ వుద్యోగం ఆయనకే వచ్చింది. 1760 నుంచి 1762 వరకు ఆ నగరంలో ప్లేగు చెలరేగింది. ఆయన వూరు విడిచి పోలేదు. వ్యాధి యెలా వచ్చిందో, యెలా నడిచిందో గమనించి వ్రాసుకున్నారు. ఆ వ్రాతలే 1791లో పెద్ద గ్రంథమైనవి. చూచినది చూచినట్టు వెంటనే వ్రాసిపెట్టడం ఆయనకు అలవాటు. ఆ అలవాటే మన తీరానికి ఉపకరించింది.

1781లో తమ్ముడు క్లాడ్ కంపెనీ అధికారిగా విశాఖపట్నం వస్తుంటే రస్సెల్ కూడా తోడు వచ్చారు. అప్పటికి ఆయన వయస్సు యాభై నాలుగు. విశ్రాంతి తీసుకొనవలసిన కాలంలో కొత్తపని మొదలుపెట్టారు. కంపెనీకి ప్రకృతి పరిశోధకుడుగా వున్న కోనిగ్ 1785లో మరణించగా, ఆ పని రస్సెల్‌కు అప్పగించారు. విషపుపాముకు, విషంలేని పాముకు తేడా జనానికి తెలిస్తే ప్రాణాలు దక్కుతాయని ఆయన పాములను శోధించారు. మనవారు కాటుకరేకుల పొడ అని పిలిచే విషసర్పానికి నేటికీ ఇంగ్లీషులో ఆయన పేరే వున్నది.

ఆ తరువాత చేపలు. యెండదేశంలో చేప ఒడ్డుకు వచ్చిన కొన్ని గంటలలోనే రంగు మారిపోతుంది. అందుచేత జాలరులు తెచ్చిన చేపను తాజాగా వుండగానే మనదేశపు చిత్రకారుని చేత బొమ్మ వ్రాయించేవారు. పొడవు కొలిచేవారు, రెక్కల ముళ్లు లెక్కించేవారు. పేరు దగ్గర మాత్రం తమ తెలివి చూపలేదు. జాలరి యేమంటే అదే ఇంగ్లీషు అక్షరాలలో పెట్టారు. సొర, పార, కనగుర్త అన్నీ ఆ విధంగానే యెక్కినవి. ఆయన 1789లో స్వదేశం వెళ్లారు. విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల బొమ్మలు, వర్ణనలు 1803లో లండనులో రెండు సంపుటాలుగా వెలువడినవి. 1805 జూలై 2వ తేదీన ఆయన కన్నుమూశారు. వివాహం చేసుకోలేదు.

1816లో ఫ్రాన్సు దేశపు మహాశాస్త్రజ్ఞుడు కువియే ఆ పుస్తకంలోని బొమ్మను, వర్ణనను ఆధారం చేసుకొని చేపకు శాస్త్రనామం పెట్టినప్పుడు తెలుగుమాటనే వుంచారు. పుస్తకంమీద మాత్రం రస్సెల్ పేరొక్కటే వున్నది. చేపను గుర్తుపట్టి చెప్పిన జాలరికి గాని, బొమ్మ వ్రాసిన చేతికి గాని అందులో చోటు దక్కలేదు. దొరను మెచ్చుకుంటూనే యీ సంగతి కూడా మనం చెప్పుకోవాలి.

రస్సెల్ సముద్రరక్షణ కోసం యీ పని చేయలేదు. అప్పట్లో చేప తరిగిపోతుందన్న భయమే లేదు. ఆయన పుస్తకంలో యేటేటా దిగుబడి లెక్కలు లేవు. చేపలు దొరికే చోట్లు చూపే పటం లేదు. అయినా ఫలానా తీరాన ఫలానా చేప వుండేదని బొమ్మతో సాక్ష్యం వున్నది. ముందటి నిల్వ తెలియనిదే తరుగు యెంతో యెవరు చెప్పగలరు? దొర మొదటి పేజీ వ్రాశారు. తక్కిన పేజీలు నేటివారు వ్రాస్తున్నారు. 1947లో యేర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు రేవులలో దిగే చేపలను జాతులవారీగా లెక్కకడుతున్నారు. 1999లో హైదరాబాదులో నెలకొన్న ఇన్‌కాయిస్ సంస్థవారు ఉపగ్రహాల ద్వారా సముద్రపు వేడిని, నీటిలోని పచ్చదనాన్ని కనిపెట్టి, చేపలు చేరే తావులను పటాలమీద గుర్తించి జాలరులకు తెలుపుతున్నారు. అయితే చేప వున్నచోటు చూపే పటం, పట్టుకొనడానికే గాక విడిచిపెట్టడానికి కూడా పనికిరావాలి. ఉగాది వెళ్లిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, తూర్పుతీరాన మరపడవల వేట ఆపుతారు. చేపలు గుడ్లుపెట్టి పిల్లలు పెరగడానికి అది గడువు. ఆ అరవై ఒక్క రోజులూ జాలరి యింట పొయ్యి వెలగడం కష్టమే. అందుకే ఆ గడువుకు ఆధారమైన లెక్క నిక్కంగా వుండాలి.

ఉగాదినాడు పచ్చడి తిని పంచాంగం వింటాము. యే రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చెవి వొగ్గుతాము. సముద్రానికీ ఆదాయవ్యయాలున్నాయి. వాటిని చెప్పేది గ్రహాలు కాదు, మనుష్యులు వ్రాసిన పద్దు. మనలో తీరప్రాంతాలనుంచి వచ్చిన పెద్దలున్నారు. యే చేపను యేమంటారో, యే నెలలో పడేదో, యే వూరి యెదుట పడేదో వారికి తెలుసు. మన పిల్లలకు బంగుడె తెలుసుగాని కానాగంత తెలియడం లేదు. యీ పండుగ సెలవులో పిల్లలచేత ఒక కాగితంమీద తీరరేఖ గీయించి, పెద్దలు చెప్పిన పేర్లు, నెలలు ఆయా వూళ్లకు ఎదురుగా వ్రాయించమని మా మనవి. ఈసారి చెప్పినవారి పేరు కూడా ఆ కాగితంమీద వుండాలి.