సమష్టి బేరసారాల విధానానికి అండగా నిలిచిన వి.వి.గిరి

భారత మాజీ రాష్ట్రపతి శ్రీ వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. ఐర్లండులో న్యాయశాస్త్రం అభ్యసించి 1916లో స్వదేశానికి తిరిగివచ్చారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు రెండు పర్యాయాలు అధ్యక్షత వహించారు. 1937లో ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి మద్రాసు ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు.

మనదేశంలో కార్మిక సంఘ సభ్యత్వం స్వచ్ఛందం. అయితే 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద రాజీ అధికారి సమక్షంలో కుదిరిన ఒప్పందం సంఘానికి చందా చెల్లించని కార్మికునికీ వర్తించేది. ట్రిబ్యునల్ తీర్పు సైతం అంతే. తీర్పులపై ఆధారపడటం అలవాటైతే కార్మికులు సంఘాన్ని విస్మరిస్తారని, సంఘాలు బలహీనపడతాయని శ్రీ గిరి భావించారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రిగా బాధ్యతలు స్వీకరించి, అదే ఏడాది నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక సదస్సులో నిర్బంధ తీర్పులకు బదులు ఉభయపక్షాల బేరసారాలకు ప్రాధాన్యమివ్వాలని ప్రతిపాదించారు. ‘గిరి విధానం’గా పేరొందిన ఈ ప్రతిపాదనకు ఆమోదం లభించలేదు.

బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై కార్మిక అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించడంతో 1954 ఆగస్టులో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. తీర్పుల విధానాన్ని విమర్శించిన నాయకుడు ఒక తీర్పు అమలు కోసమే పదవిని వదులుకోవడం గమనార్హం. అదే బ్యాంకింగ్ రంగంలో 1966 అక్టోబరు 19న యాజమాన్యాలు, ఉద్యోగ సంఘాలు నేరుగా చర్చించుకుని తొలి ద్వైపాక్షిక ఒప్పందం చేసుకున్నాయి. శ్రీ గిరి అప్పుడు మైసూరు రాష్ట్ర గవర్నరు.

1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా వ్యవహరించిన శ్రీ గిరికి 1975లో భారతరత్న లభించింది. ఆయన 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.