తొలి తెలుగు తార సురభి కమలాబాయి

తెలుగునాటికి దూరంగా కాపురాలు పెట్టుకున్న మనకు శ్రీమతి సురభి కమలాబాయి గారి కథ కొంచెం దగ్గరిదే. మొట్టమొదటి తెలుగు టాకీ తయారయింది తెలుగుదేశంలో కాదు, బొంబాయిలో. మొదట విడుదలయింది కూడా అక్కడే. పొట్ట చేత బట్టుకొని ఆ నగరం చేరిన మన పెద్దల్లో ఎందరో ఆ తెలుగు మాట విని పులకించి ఉంటారు గదా!

కమలాబాయి గారు ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో సురభి నాటక కుటుంబంలో పుట్టారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధ నాటకం ఆడించడంతో మొదలయిన వంశమది. వారి పూర్వీకులు మహారాష్ట్రంనుంచి వచ్చినవారు. ఇంట్లో మరాఠీ, రంగస్థలం మీద తేట తెలుగు! ఇంట్లో తెలుగు, గడప దాటితే మరొక భాషగా బ్రతికే మనకు ఇది వింతగా తోచదు. ఆమె తల్లి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులు వచ్చి రంగస్థలం మీదనే ప్రసవించిందనీ, అదీ నాటకంలో భాగమేనని జనం అనుకున్నారనీ చెప్పుకుంటారు. ఆడవేషాలు మగవారే కట్టే ఆ రోజుల్లో సురభివారి ఇంటి ఆడపడుచులే ఆ వేషాలు ధరించేవారు. ఊరివారి చిన్నచూపును ఓర్చుకునే వారు ఆ పని చేశారు. కమలాబాయి గారు పసితనంనుంచే ఆ బడిలో పద్యం, అభినయం నేర్చారు.

1931లో అర్దేషిర్ ఇరానీ గారి ఆలం ఆరా వచ్చింది. అదే యేడు హెచ్. యం. రెడ్డి గారు కాళిదాసు తీశారు; ఆపైన పూర్తి తెలుగు చిత్రం తలపెట్టారు. సినిమా నటీనటులు మనకింకా లేరు. ఉన్నది సురభి సమాజము, వారి భక్తప్రహ్లాద. సమాజమే బొంబాయికి కదిలింది. (తెరలు, కిరీటాల పెట్టెలు, వంటపాత్రలు, చంటిపిల్లలు! లగేజీ తూచే మా బోటి గుమస్తాకు తలచుకుంటేనే చెమట పడుతుంది.) మునిపల్లె సుబ్బయ్య గారు హిరణ్యకశిపుడు, కమలాబాయి గారు లీలావతి. నేపథ్యగానం అప్పటికి రాలేదు. పాడుతూనే నటించాలి, మైకుకు అందేలా నిలబడాలి. రంగస్థలం మీద చివరి వరుసకు వినబడేలా గొంతెత్తడం అలవాటయిన మనిషికి అది కొత్త పాఠమే.

చిత్రం విడుదల 1931 అని చాలాకాలం అనుకున్నారు. 1932 ఫిబ్రవరి 6 అని తర్వాతి పరిశోధనలో తేలింది. ఆ యేడే పాదుకా పట్టాభిషేకంలో సీత, శకుంతలలో శకుంతల వేషాలు వేశారు. సుమారు పదేళ్ళు బొంబాయిలోనే ఉండి హిందీ చిత్రాల్లో కూడా నటించారు. మన భాష కానిచోట పదేళ్ళు నిలదొక్కుకోవడమెంత కష్టమో మనకు వేరే చెప్పాలా?

తిరిగి వచ్చాక నాయిక పాత్రలు దక్కలేదు. తెలుగు సినిమా మద్రాసులో స్థిరపడింది, కొత్త ముఖాలు వచ్చాయి. ఆమె తల్లి, అత్త వేషాలకు మారారు. చిన్నబుచ్చుకోకుండా చేశారనే నేననుకుంటాను, ఎందుకంటే 1951 నాటి పాతాళభైరవిలో తోటరాముని తల్లిని చూసినవారికి ఆ ఆప్యాయత నటనలా కనబడదు.

1971లో ఆమె కన్నుమూశారు. భక్తప్రహ్లాద ప్రతి ఒక్కటీ మిగలలేదు. లీలావతిని మనం చూడలేము. తోటరాముని తల్లిని మాత్రం ఈ పండుగ నాడు పిల్లలకు చూపించవచ్చు.